ఇద్దరికీ సూది

నాచారం, 14 జూలై. పొద్దుటి నుంచి ముసురు. నీళ్ల ట్యాంకు కడిగాను.

ఉమాపతి అన్నకు,

నా సిఫిలిస్‌కు సూది బదులు పద్నాలుగు రోజుల మాత్రలు చాలని, ఇంట్లో తెలియకుండా మింగవచ్చని అన్నావు. కానీ కడుపుతో ఉన్న నా భార్య తారామణి రక్తపరీక్షలోనూ అదే తేలింది. ఆమెకు పెన్సిలిన్ సూది ఒక్కటే మందని డాక్టరమ్మ చెప్పింది. అది నావల్లేనని ఒప్పుకున్నాను. రెండు రోజులు ఆమె నాకు అన్నం పెట్టలేదు. మూడోనాడు ఉప్పల్ దవాఖానాలో, "సూది నాకు, గోలీలు నీకా? నువ్వు గూడ ఏయించుకో," అంది. వేయించుకున్నాను. తిరుగుదారిలో ఆటో గతుకుల్లో పడ్డప్పుడల్లా ఇద్దరం ఒక్కసారే "అబ్బా" అన్నాం. నవ్వింది.

మూడు నెలల తర్వాత నిన్న చేసిన పరీక్షలో ఇద్దరికీ తగ్గింది. బిడ్డ బాగుందట.

"రాసింది సాలు, బియ్యం కడుగు," అంటోంది. అందుకని ఇవాళ్టికి ఇంతే.