మూడో అంతస్తులో ఎర్ర చుక్కలు

మార్చి 3, సోమవారం

సైట్‌కి కొత్త సారు వచ్చాడు. లీన్ కన్‌స్ట్రక్షన్ అట. లీన్ అంటే పనిలో కొవ్వు తీసేయడమని ఆయనే చెప్పాడు. చెప్పినవాడి పొట్ట మీద సేఫ్టీ జాకెట్ జిప్పు పడటం లేదు.

పొద్దున్నే అందరినీ వరసగా నిలబెట్టి వివరించాడు. పది నిమిషాలకోసారి ట్యాబ్ పట్టుకుని అంతస్తంతా తిరుగుతాడట. తన కన్ను పడ్డ ఆ క్షణంలో ఎవడు ఏం చేస్తుంటే ఆ రంగు చుక్క వాడి పేరు పక్కన పెడతాడట. గోడ లేస్తుంటే ఆకుపచ్చ. మోయడం, కొలవడం, తనిఖీ, పట్టుకోవడం పసుపు. ఊరికే నిలబడితే ఎరుపు. ఎరుపంటే వేస్ట్. రెండు వారాలు చూసి, నూటికి పదిహేను ఎరుపు దాటినవాళ్ళని ఇంటికి పంపేస్తారు.

మట్టిలో కలిపే గడ్డి ఇవ్వకుండా ఇటుకల లెక్క అడిగిన రాజు ఒకడున్నాడు బైబిలు గ్రంథంలో. వాడి గుర్రాలూ రథాలూ ఏ నీళ్ళలో పోయాయో ఈయనకి ఎవరూ చెప్పినట్టు లేదు. నేను చెప్తాను.

మార్చి 4

ఒంటికి వెళ్ళొచ్చినా ఎరుపేనట. సృష్టికర్త మనిషికి ఒళ్ళు ఇచ్చినప్పుడు ఈ సారు సలహా తీసుకోలేదు, అదీ ఆయన బాధ.

మార్చి 6, మధ్యాహ్నం భోజనాల వేళ

నేను ఇటుక పనివాణ్ణి. బడి మెట్లు అయిదో తరగతితో దిగిపోయాను. గ్రంథం మాత్రం నాలుగుసార్లు అట్ట నుంచి అట్ట దాకా చదివాను. సిమెంటు మరకలు చూసి ఏ పేజీలో ఏముందో చెప్పగలను. సైట్‌లో నన్ను ప్రసంగం మేస్త్రి అంటారు. వెక్కిరింతగానే అంటారు, కానీ వింటారు. ఇటుక పెడుతూనే చెప్తాను. పదింటికోసారి, మూడున్నరకోసారి నాలో మాట ఊరుతుంది, ఆపుకోలేను.

వినేవాళ్ళకి మాత్రం నాదొక నియమం. వాక్యం వినపడితే చేతిలోది కింద పెట్టి, హెల్మెట్ తీసి, కదలకుండా నిలబడాలి. చాలామంది తప్పించుకుంటారు. మా బావ ఒక్కసారి కూడా తప్పలేదు. మా అక్క మొగుడు, సెంట్రింగ్ పని. స్లాబ్ కింద ఊతగా నిలబెట్టిన ప్రాప్‌లు తీసేముందు ఒక్కో దాన్నీ సుత్తితో తట్టి, చెవి ఆనించి వింటాడు. బరువు ఏ ప్రాప్ మీద కూర్చుందో ఆ మోత చెప్తుందట. అరవై దాటినా ఆ చెవి మొద్దుబారలేదు.

ట్యాబ్ పట్టుకున్నవాడికి అది ఊరికే నిలబడటంలాగే కనిపిస్తుంది. కళ్ళుండీ చూడనివాళ్ళు.

మార్చి 8, శనివారం

మొదటి వారం లెక్క గేటు దగ్గర అంటించారు. బావకి ఎరుపు పంతొమ్మిది.

నాకు నాలుగు. పట్టించుకోదగ్గ విషయం కాదు, అయినా రాశాను.

మార్చి 9, ఆదివారం

మా రేకుల గదిలో ఇవాళ ప్రార్థనకి ఇరవై ముగ్గురు. మనుషుల్ని లెక్కపెట్టి తెగులు తెచ్చుకున్న రాజు గురించి గంటన్నర చెప్పాను. గొంతు బొంగురుపోయింది. వెనక వరసలో నలుగురు ఆవలించారు, ఇద్దరు మధ్యలో లేచిపోయారు. ఎవరెవరో గుర్తు పెట్టుకున్నాను.

అయ్యాక అక్క నన్ను పక్కకి లాగింది. మీ బావని ఇక్కడ తీసేస్తే ఈ వయసులో ఇంకే సైట్ గేటు తీస్తుందిరా అంది. ఇంట్లో కూర్చుంటే నెల తిరక్కుండా మంచం పడతాడు, నాకు తెలుసు అంది. నోరు దేవుడు నీకే ఇచ్చాడు కదా, పోయి మాట్లాడు అంది. మాట్లాడతాను. ఆ పొట్ట సారు వినలేనంత మాట్లాడతాను.

మార్చి 11

బావ మొహం వాడిపోయి ఉంది. పదింటికి పిలిచి ధైర్యం చెప్పాను. సింహాల గుంటలో ఒక్కరాత్రి గడిపి గీత కూడా పడకుండా బయటికొచ్చినవాడి కథ పూర్తిగా చెప్పాను. నలభై నిమిషాలు పట్టింది. తల వంచుకుని, హెల్మెట్ గుండెకి ఆనించుకుని విన్నాడు. నా గోడ ఈలోగా మూడు వరసలు లేచింది.

మార్చి 12

బావకి మళ్ళీ చెప్పాను. ఇవాళ బాగా కుదిరింది.

మార్చి 14, శుక్రవారం

ఇది రాయకుండా పడుకుంటే మంచిది. రాస్తాను.

పొద్దున మీటింగ్‌లో అందరి ముందూ లేచాను. సారూ, ప్రాప్ మోత వినే మనిషిని వేస్ట్ అంటారా, రేపు స్లాబ్ మీ నెత్తిన కూలితే దానికి ఏ రంగు చుక్క పెడతారు అని అరిచాను. వెనక నుంచి ఎవరో ఈల వేశారు.

సారుకి కోపం రాలేదు. అదే నాకు మొదటి దెబ్బ. ప్రాప్‌లు తట్టడం తనిఖీ కదండీ, దానికి పసుపే పెట్టాను అన్నాడు. ట్యాబ్ తిప్పి చూపించాడు. ఎర్ర చుక్కలన్నీ రెండు గుంపులు. పదింటి నుంచి పదకొండు. మూడున్నర నుంచి నాలుగు. అన్నీ మూడో అంతస్తు, తూర్పు గోడ పక్కన. ఫొటో కూడా ఉంది. బావ తల వంచుకుని నిలబడ్డాడు. ఫొటో అంచున ఒక చెయ్యి, చేతిలో తాపీ, తాపీ మీద సిమెంటు. నా చెయ్యి. ఆకుపచ్చ.

ఈ పెద్దాయన అక్కడ రోజూ ఎందుకు నిలబడతాడు అని సారు అడిగాడు. నిజంగా తెలియకే అడిగాడు.

అందరూ తమ బూట్లు చూసుకున్నారు. బావ గొంతు సవరించుకుని, మోకాళ్ళ నొప్పులు సార్, కాసేపు అలా ఆగుతాను అన్నాడు. జీవితంలో అబద్ధమాడని మనిషి.

నేను నోరు తెరవలేదు. ఏళ్ళ తరబడి తెరిచిన నోరు. గొప్ప ప్రసంగం మేస్త్రి!

మార్చి 15, శనివారం, పని మొదలవకముందు

సారు గదికి వెళ్ళాను. ఆ ఎరుపు నాది, నా పేరు మీద వేసుకోండి అన్నాను. నా నియమం గురించి చెప్పాను. గ్రంథం తెరవకుండా చెప్పాను.

ఆయన ట్యాబ్ కిందికీ పైకీ జరిపాడు. మీ చేతులు ఆగలేదు కదా మేస్త్రీ, నోటికి ఇందులో గడి లేదు అన్నాడు. మనుషుల్ని కొలిచే యంత్రంలో నోటికి గడి లేదట! నవ్వొచ్చింది, నవ్వలేదు. పక్కనున్న కాగితం మీద రాసివ్వమన్నాడు. ఎరుపు మా బావది కాదు, నాది అని రాసి సంతకం పెట్టాను. ఆదివారాలు గదిలో గర్జించేవాడి అక్షరాలు కోడి కెలికినట్టున్నాయి.

బావని ఇంకో వారం చూస్తానన్నాడు. ఒక్క వారమే అన్నాడు. అందులోనూ పదిహేను దాటితే ఇక తన చేతిలో లేదన్నాడు. నాలాంటివాడు ఇలాంటివాడికి దండం పెట్టి బయటికి రావాల్సి వచ్చింది. పెట్టాను.

మార్చి 17, సోమవారం, 10.20

మాట ఊరింది. మింగాను. బావ అలవాటుగా వచ్చి, సుత్తి కింద పెట్టి, హెల్మెట్ తీసి నా ముందు నిలబడ్డాడు. వెళ్ళు బావా అన్నాను. వెళ్ళడు. అవతల మెట్ల దగ్గర ట్యాబ్ కనిపించింది.

వరసకి కట్టిన దారం విప్పి, దాని చివర బావ చేతిలో పెట్టాను. గట్టిగా పట్టుకో అన్నాను.

పసుపు.