నలభై ఒక్క నిమిషాల ఖాళీ

3వ తేదీ, సోమవారం. ఉదయం 9.10
ఈ రోజు నుంచి నా బతుకు మారుతోంది! డిస్కులో డెబ్బై నాలుగు నిమిషాలు పడతాయి. మా కొత్త ఆల్బంలో ఎనిమిది పాటలు, ముప్ఫై మూడు నిమిషాలు. మిగిలిన నలభై ఒకటీ బోనస్. స్టూడియో ఓనరు గారు దాన్ని రికార్డింగ్ చూసుకునే నాకప్పగించి, నీ ఇష్టం అన్నారు.

ఇరవై ఏళ్లుగా డిస్కులు కొని కడుపు మండినవాణ్ణి. అట్ట మీద "బోనస్" అని పెద్ద నక్షత్రం వేస్తారు. లోపల ఖాళీ. లేదా అవే పాటలు, గొంతు తీసేసి, కరోకే అని మళ్లీ అంటగడతారు. అంత చోటుంచుకుని ఏం రోగం?

నిర్ణయాలు:
ఒక్క సెకను వృథా కాకూడదు.
కరోకే పెడితే నా పేరు మార్చుకుంటాను.
సగానికి పైగా ఫ్లూటు మాస్టారికే.

ఇంటికి ఫోన్ చేసి చెబితే, పోయిన నెల మొదలుపెట్టిన ఈత ఏమైందని మా ఆవిడ అడిగింది. ఆ గొడవ ఇప్పుడెందుకు?

సాయంత్రం 4.00
మాస్టారికి చెప్పాను. నలభై ఏళ్లుగా అందరి పాటల వెనకా వాయించిన మనిషి. ఊపిరితిత్తులు బాగాలేవు, ఇక ఊదొద్దని డాక్టరు చెప్పేశారు. ఇదే ఆఖరి ఆల్బం. ఇంతవరకూ ఏ అట్ట మీదా ఆయన పేరు పడలేదు.

"నా మాటలు ఎవరు వింటారు బాబూ?" అన్నారు. అంటూనే జేబులోంచి దువ్వెన తీశారు.

4వ తేదీ, మంగళవారం
ఏ పాట ఎలా పుట్టిందో ఇరవై రెండు నిమిషాలు చెప్పారు. రెండుసార్లు దగ్గారు. అదీ ఉంచాను. బోనస్ అంటే ఇదీ!

5వ తేదీ, బుధవారం. 11.30
ఓనరు గారు రెండు నిమిషాలు కృతజ్ఞతలు చెబుతానన్నారు. ఎనిమిదయ్యాయి. లిఫ్టు బాగుచేసినతనికి కూడా చెప్పారు. లిఫ్టు ఇంకా బాగవలేదు. పోనీలే, జీతమిచ్చే మనిషి.

6వ తేదీ, గురువారం. 10.00
ఓనరు గారి బావమరిది దిగాడు. శ్రోతలకి పనికొచ్చే మాట చెబుతాడట. విషయం: డిస్కు విరగకుండా పెట్టెలోంచి ఎలా తీయాలి. పదకొండు నిమిషాలు! డిస్కు బయటికి తీస్తే గానీ ఇది వినపడదు కదండీ అన్నాను. రెండోసారి తీసేటప్పుడు పనికొస్తుందన్నాడు. పెట్టేశాను.

ఎనిమిది, పదకొండు, ఇరవై రెండు. నలభై ఒకటి! దైవసంకల్పం.

7వ తేదీ, శుక్రవారం. 3.15
కొంప మునిగింది. గాయని గారు మాస్టారి మాటలు విన్నారు. మూడో పాటలో అమ్మాయి శ్రుతి జారితే ఫ్లూటుతో పట్టుకున్నానని ఆయన మురిపెంగానే చెప్పారు. ఆవిడ ఒక్కటే మాటన్నారు: "ఆయనైనా ఉండాలి, నేనైనా ఉండాలి."

ఓనరు గారు నావైపు చూశారు. నేను గోడ గడియారం వైపు చూశాను. కుదరదని చెప్పాల్సింది. సరేనండి అన్నాను.

5.30
ఇరవై రెండు నిమిషాల గొయ్యి. ఆరింటికి ఫ్యాక్టరీకి పంపాలి.

5.40
గొంతు ట్రాకు మీద ఒక్క బటను నొక్కితే చాలు. ఐదు పాటలు సరిపోతాయి.

5.52
కరోకే. ఈ చేతులతోనే. అయినా కరోకే వల్ల పిల్లలు సాధన చేసుకుంటారు. ఎవరి పిల్లలు? ఏమో. పేరు మార్చుకోవాలి. ఏం పెట్టుకోను?

8వ తేదీ, శనివారం
మాస్టారు మూడుసార్లు ఫోన్ చేశారు. ఎత్తలేదు. చార్జింగ్ లేదు. అంటే ఉంది.

14వ తేదీ, శుక్రవారం. 10.00
ఫ్యాక్టరీ నుంచి ఐదు వందల డిస్కు పెట్టెలొచ్చాయి. వెనకే మాస్టారు, ఇస్త్రీ చొక్కాలో, భార్యను వెంటబెట్టుకుని. భూమి చీలితే బాగుండుననిపించింది. ఆయన అట్టను అటూ ఇటూ తిప్పి చూశారు. పేరు లేదు. బోనస్ పెట్టమన్నారు.

ఓనరు గారి కృతజ్ఞతలు, బావమరిది పెట్టె ప్రసంగం ఇద్దరూ శ్రద్ధగా విన్నారు. తర్వాత కరోకే మొదలైంది. గొంతు లేదు. ఫ్లూటు ఉంది! ఎక్కడ ఎగిరిందో, ఎక్కడ ఆగి ఊపిరి పీల్చిందో అంతా వినబడుతోంది. మూడో పాటలో ఆ శ్రుతి జారిన చోట, ఇప్పుడక్కడ ఎవరూ లేరు, ఫ్లూటొక్కటే కిందికి వెళ్లి ఎవరినో పట్టుకుని పైకి తెచ్చింది.

మాస్టారి భార్య ఆయన మోచెయ్యి పట్టుకుంది. "ఇన్నేళ్లూ మీరు వాయించేది ఇదా?"

ఆయన కళ్లద్దాలు తుడుచుకుని, ఈ ఆలోచన ఎవరిదని అడిగారు. నాదేనండి అన్నాను. సిగ్గు లేదు నాకు.

వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర ఆగారు. "వాయించింది నేనని వినేవాళ్లకెలా తెలుస్తుంది బాబూ?"

15వ తేదీ, శనివారం. ఉదయం 9.10
కొత్త నిర్ణయం! ఐదు వందల డిస్కుల మీదా నా చేత్తో మాస్టారి పేరు. షాపులకు తీసుకెళ్లే లారీ నాలుగింటికి. చేతులు కాలాక ఆకులే, అయినా సరే. ఒక్కటీ వదలను.

9.25
నాలుగయ్యాయి. రెండు విరిగాయి. ఈ పెట్టెలోంచి డిస్కు తీయడం ఎవడి తరమూ కాదు.

9.40
బావమరిది ప్రసంగం మొత్తం విన్నాను. నడిమధ్య బొటనవేలితో నొక్కి, అంచు పట్టుకుని ఎత్తాలట. మనిషి మేధావి!

11.30
నూట ఆరు. చెయ్యి లాగేస్తోంది. పొడి అక్షరాలు వేస్తే చాలదా?

11.31
చాలదు. పూర్తి పేరు. నూట ఏడు.