డెబ్భై దగ్గర తెగిన గీత

మంగళవారం, నవంబరు 12

పెద్దమ్మకు నమస్కరించి రాస్తున్నాను. మేమంతా కులాసా అని మొదలుపెట్టాలి. పిల్లలు కులాసాయే. నాకే కంటిమీద కునుకు లేదు. ఫోనులో అయితే నీ మోకాలి ఆపరేషన్ మాటెత్తగానే పెట్టేస్తావు, అందుకే కాగితం పట్టుకున్నాను.

నా ఉద్యోగం ఏమిటో నీకు ఎప్పుడూ సరిగ్గా చెప్పలేదు. రాబోయే ఏళ్లలో ఎంతమంది ముసలివాళ్లవుతారు, ఎందరికి మోకాళ్లు, తుంటికీళ్లు మార్చాల్సి వస్తుంది, సర్కారుకు ఎంత ఖర్చవుతుంది అని ముందుగానే అంచనా కట్టడం. పోయిన వారం మీటింగులో ఆ గ్రాఫు తెరమీద పెట్టాను. గీత నిచ్చెనెక్కినట్టు పైపైకి పోతోంది. మా డైరెక్టరుగారు కాసేపు చూసి, "డెబ్భై దాటినవాళ్లకి ఈ ఆపరేషన్లు ఆపేస్తే ఎలా ఉంటుంది?" అన్నారు. అడిగింది లెక్కే కదా అని వేసి చూపించాను. గీత ఒక్కసారిగా కిందికి జారింది. ఎవరో "అమ్మయ్య" అన్నారు.

పెద్దమ్మా, డెబ్భై దాటి నీకు రెండేళ్లు. ఆ జారినచోట ఉన్నది నువ్వే.

ఉండబట్టలేక అడిగాను. "ఆపరేషన్ ఆపితే నొప్పి ఆగదు కదండీ. పడతారు, ఎముకలు విరుగుతాయి, మంచాన పడతారు. చూసుకోవడానికి ఇంట్లో ఒకరు పని మానుకోవాలి. ఆ ఖర్చో?" అన్నాను.

"అది మన ఖాతాలోకి రాదమ్మా," అన్నారాయన, కళ్లజోడు తుడుచుకుంటూ. కసిరినా ఇంత భయపడేదాన్ని కాదు.

ఆ ఖర్చులన్నీ కలిపి మళ్లీ లెక్కవేశాను. గీత మొదటిదానికన్నా పైకి పోయింది. తీసుకెళ్లి చూపిస్తే, "బాగా చేశావు, అక్కడ పెట్టి వెళ్లు," అన్నారు. ఇంకా ఏదీ తేలలేదు, చర్చల్లోనే ఉంది. కానీ నువ్వు తాత్సారం చెయ్యకు.

పోయిన నెల నువ్వు గోడ పట్టుకుని, వెనక్కి తిరిగి మెట్లు దిగుతూ, "ఇలా దిగితే మెట్లకి దండం పెట్టినట్టుంటుందే," అని నన్ను నవ్వించావు. తర్వాత వంటింట్లోకెళ్లి కుళాయి తిప్పుకుని ఏడ్చాను. నీ కుట్టుమిషను మీద గుడ్డ కప్పేసి ఉంది. ఎప్పట్నుంచి కప్పావో అడగడానికి నోరు రాలేదు.

నీ తోటికోడలు ఆపరేషన్ గదిలోకి నడిచివెళ్లి తిరిగి రాలేదన్న సంగతి నేనూ మరిచిపోలేదు. నీ గుండె గట్టిదేనని డాక్టరమ్మ చెప్పింది. ప్రమాదం బొత్తిగా లేదని మాత్రం అనలేదు. నిన్ను ఆ బల్లమీద ఊహించుకోలేకపోతున్నాను. అయినా రమ్మనే అంటున్నాను.

నీ ఎదుట నోరు పెగలని
నీ చెల్లెలి కూతురు,
పిచ్చుక

తా.క. ఏదీ తేలలేదని పైన రాసింది అబద్ధం. నువ్వు బెదిరిపోతావని అలా రాశాను. నిన్ననే సంతకాలు అయిపోయాయి, వచ్చే నెల నుంచి అమలు. ఆ ఉత్తర్వుకి నా మొదటి గ్రాఫు జతచేశారు, రెండోది లేదు. ఆసుపత్రిలో ఈ నెలకి ఒక్క ఖాళీ ఉంటే, నిన్ను అడక్కుండానే నీ పేరు రాయించాను. సోమవారం పొద్దున్నే మా ఆయన కారు తెస్తారు. తిట్టుకుంటూ అయినా సరే, ఎక్కు. మీ పక్కింటి టీచరమ్మగారూ తన మోకాళ్లకి ఈ నెలలోనే చోటు చూడమని నాకు ఫోన్ చేసి బతిమాలారు. ఆవిడకి దొరకలేదు. నువ్వు బయల్దేరేటప్పుడు ఆవిడ కర్ర పట్టుకుని గుమ్మంలోనే నిలబడి ఉంటారు. ఏం చెప్పాలో నాకు తెలియడం లేదు పెద్దమ్మా.