చాట తీసేసిన ఆదివారం

3 జూలై 2005, ఆదివారం

పిల్లలు వచ్చారు. మా అబ్బాయి కల్యాణ్ పెద్దకర్మ తర్వాత మళ్లీ ఈ గడప తొక్కడం ఇవాళే. ముగ్గురూ వాడి ఆఫీసు స్నేహితులు. బన్సీలాల్‌పేట్ హుజైఫా, బొల్లారం రిచర్డ్, ఇక్కడే మారేడ్‌పల్లి హాస్టల్లో ఉండే సుధ. సోఫా అంచు మీద కూర్చున్నారు, ఆస్పత్రిలో రోగిని చూడ్డానికి వచ్చినట్టు.

పోయిన ఏడాదంతా ప్రతి ఆదివారం వీళ్లది ఈ హాల్లోనే మకాం. రాక్షసులట, మంత్రాలట, కత్తులట. ఒకడు కథ చెబుతాడు, వాడు మాస్టర్. మిగతావాళ్లు కథలో తలా ఒక మనిషి అయిపోయి నేనిది చేస్తా, నేనది చేస్తా అంటారు. చేసింది ఫలించిందో లేదో డైస్, అదే పాచిక, చెబుతుంది. మాస్టర్ మా వాడే. నేను వంటింట్లోంచి అరిచేదాన్ని, ఎవర్ని చంపినా సరే గానీ చెప్పులు బయట విడవండర్రా అని.

ఆ కథ చివరికి ఏమవుతుందని అడిగాను. ముగ్గురికీ తెలియదు. అంతా వాడి బుర్రలోనే ఉండేదట. ఏప్రిల్లో బైక్ మీద ఆఫీసుకి వెళ్తూ వాడు పోయాడు, వాడితో అదీ పోయింది.

హుజైఫా బ్యాగులోంచి డైస్ తీసి టీపాయ్ మీద పెట్టాడు. కల్యాణ్‌వి, మా దగ్గర ఉండిపోయాయి అన్నాడు. ఇచ్చేసి వెళ్లిపోదామని వచ్చారన్నమాట. ఇంక ఆదివారాలు రారు.

ఎలా అన్నానో తెలియదు. ఉంచండి, కథ నేను చెబుతాను అన్నాను.

హుజైఫా బిస్కెట్టు టీలో పడిపోయింది.

4 జూలై

మా ఆయనకి చెప్పాను. రైల్వే ఆఫీసు నుంచి వచ్చి పేపరు ముందేసుకున్నారు. పేపరు దించకుండానే అన్నారు. "ఆళ్లని ఒగ్గెయ్యే లక్ష్మీ. ఆళ్ల బతుకులు ఆళ్లవి."

ఈయన కల్యాణ్ పేరు ఎత్తి మూడో నెల.

9 జూలై, మధ్యాహ్నం

సుధ వచ్చి నేర్పింది. ముందు ఇటుకంత ఇంగ్లీషు పుస్తకం ఒకటి తెచ్చింది. నేను ఏడో తరగతితో బడి మానేసిన మనిషిని, నా మొహం చూసి మూసేసింది. మూడే ముక్కలు గుర్తుపెట్టుకోమంది. వాళ్లకి ఏం కనబడుతోందో చెప్పాలి. ఏం చేస్తారని అడగాలి. పని కష్టమైతే డైస్ వెయ్యమనాలి. ఇరవై ముఖాల డైస్. ఎక్కువ పడితే మంచిది, ఒకటి పడితే కొంప మునిగినట్టు.

మాస్టర్ తన డైస్ అడ్డుచాటున వేసుకుంటాడట. కల్యాణ్ అట్ట నిలబెట్టుకునేవాడు. నేను చాట నిలబెట్టుకుంటానన్నాను. సుధ నవ్వింది. ఈ ఇంట్లో ఆడపిల్ల నవ్వు విని ఎన్నాళ్లైందో.

12 జూలై

కథ దొరికింది. పప్పు పోపు వేస్తుంటే దొరికింది. పోపు మాడింది.

మా విజయనగరంలో సిరిమాను పండగ. అమ్మవారు పూజారి కలలోకి వచ్చి, ఫలానా చోట నా మాను ఉంది అని చెబుతుంది. వెతుక్కుంటూ వెళ్తే ఎవరి పెరట్లోనో పెద్ద చింతచెట్టు. ఆ ఇంటివాళ్లు కాదనరు. పసుపూ కుంకుమా పెట్టి, కొట్టి, బండి మీద ఊళ్లోకి తెస్తారు. పండగ నాడు ఆ మాను చివర పూజారి కూర్చుంటే ఆకాశంలోకి లేస్తాడు. చిన్నప్పుడు నాన్న భుజాల మీదెక్కి చూశాను. అరటిపళ్లు విసిరేవాళ్లం.

మరి ఆ చెట్టు రాక్షసి పెరట్లో ఉంటే? తేవాల్సింది వీళ్లు ముగ్గురే అయితే?

16 జూలై

ఊరి పేరు దీపాలకోట. దాని చుట్టూ ఏడు దిబ్బలు, అవతల పొగమంచు కొండ. హాలు గచ్చు మీద ముగ్గుపిండితో వేసేశాను. నది మెలికల ముగ్గు, అడవి చుక్కల ముగ్గు, కొండ దగ్గర గీత చెడింది, చెరిపి మళ్లీ వేశాను. మనుషులకి చింతగింజ, గవ్వ, చొక్కా బొత్తాం. రాక్షసికి ఇత్తడి చెంబు.

ఎవరెక్కడికి వెళ్లాలో, ఏమనాలో, ఎక్కడ నిద్రపోవాలో మొత్తం ఆలోచించి పెట్టేశాను. వాళ్లు వచ్చి కూర్చోవడమే తరువాయి.

మా ఆయన ఆఫీసు నుంచి వచ్చి గుమ్మంలో ఆగిపోయారు. చెప్పులు చేత్తో పట్టుకుని గోడవార నడిచి లోపలికి వెళ్లారు. ముగ్గు చెరగలేదు.

20 జూలై

రాక్షసి పేరు గుమ్మడమ్మ. కుదిరింది.

31 జూలై, ఆదివారం

ఆడించాను.

పులిహోర పెట్టి మొదలుపెట్టాను, కడుపు నిండినవాళ్లు తప్పులు పట్టరని. హుజైఫా కత్తివీరుడు, పేరు షంషేర్. సుధ మంత్రగత్తె నీలవేణి. రిచర్డ్ విల్లు పట్టుకున్నవాడు, కెప్టెన్ ఫ్రెడ్డీ. దీపాలకోటలో ఫ్రెడ్డీ ఎక్కణ్ణుంచి వచ్చాడ్రా అంటే, మా తాతలాగే వచ్చి ఉండిపోయాడు ఆంటీ అన్నాడు.

నేను అనుకున్న దారిలో ఒక్కరూ వెళ్లలేదు. నదికి వంతెన పెడితే ఈదుకుంటూ పోయారు. సత్రంలో ముసలమ్మ చేత రహస్యం చెప్పించాలని పెట్టుకున్నాను, అసలు సత్రానికే వెళ్లలేదు. ఆ ముసలమ్మని పట్టుకొచ్చి అడవిలో కూర్చోబెట్టాను. ఇక్కడేం చేస్తుందీమె అన్నారు. పుల్లలు ఏరుతోంది అన్నాను.

గుమ్మడమ్మ ఇంటికి వెళ్లగానే ముందు మంచినీళ్లిచ్చింది. ముగ్గురూ పడీ పడీ నవ్వారు, రాక్షసి మంచినీళ్లివ్వడమేంటని. ఇంటికొచ్చినవాళ్లకి మంచినీళ్లివ్వకుండా కొడుతుందా? నీళ్లిచ్చాకే కొట్టింది.

ఆ కొట్టడం దగ్గరే వచ్చింది చిక్కు. చాట వెనక డైస్ వేశాను. పెద్దది పడింది. ఆ దెబ్బకి షంషేర్ బతకడు. గబుక్కున డైస్ తీసేసి, తప్పింది అన్నాను. మళ్లీ వేశాను. ఈసారి ఫ్రెడ్డీకి. మళ్లీ తప్పింది అన్నాను. మళ్లీ.

నాకు అబద్ధం చేతకాదు. ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆ తర్వాత చాలా మర్యాదగా ఆడారు. బాగుంది ఆంటీ, బాగుంది అంటూ ఆడారు. పులిహోర డబ్బా కడిగి మరీ ఇచ్చి వెళ్లారు.

7 ఆగస్టు, ఆదివారం

ముగ్గు వేసి కూర్చున్నాను. హుజైఫాకి ఆఫీసులో రిలీజ్ పని ఉందని ఫోను. రిచర్డ్‌కి చర్చిలో పని. సుధ ఒక్కతే వచ్చింది.

వాళ్లు రానిది పని ఉండి కాదని నాకు తెలుసు, నాకు తెలుసని దానికి తెలుసు. వరంగల్ పిల్ల, దాచుకోవడం రాదు. చింతగింజని ముగ్గు మీద అటూ ఇటూ జరుపుతూ మెల్లగా అంది.

"మీరు మమ్మల్ని ఎవ్వర్ని సావనిస్తలేరు ఆంటీ. సావనియ్యరని తెల్సినంక భయమేముంటది? భయం లేకుంటే గెల్సినా గెల్సినట్టుండది."

నా ఇంట్లో ఆటకైనా ఇంకెవరూ పోవడానికి వీల్లేదన్నాను. గొంతు లేచింది. సుధ టీ గ్లాసులు కడిగి బోర్లించి వెళ్లింది.

8 ఆగస్టు

ఎవరూ రానక్కర్లేదు.

10 ఆగస్టు

ముగ్గు ఇంకా గచ్చు మీదే ఉంది. తుడవబుద్ధి కాలేదు.

ఇవాళ గుర్తొచ్చింది. పోయిన ఏడాది ఒక ఆదివారం కల్యాణ్ వంటింటి గుమ్మంలోకి వచ్చి, అమ్మా, హుజైఫాగాడు పోయాడు, టీ పెట్టు అన్నాడు. నేను హడలిపోయి హాల్లోకి పరుగెత్తితే, ఆ పోయినవాడు సోఫాలో దొర్లి దొర్లి నవ్వుతున్నాడు. టీ మరిగేలోపు ఇంకో మనిషిని తయారుచేసుకుని మళ్లీ ఆటలో కూర్చున్నాడు. మా వాడు ఎవర్నీ కాపాడేవాడు కాదు. అందుకే బొల్లారం నుంచి ఒకడు వర్షంలో తడిసి వచ్చేవాడు.

ఇంకొకటి కూడా. మా వైపు చావింట్లో ముసలమ్మలు ఏడుస్తూనే పోయినవాడి సంగతులు చెప్పేవాళ్లు. ఎవరి మామిడికాయలు దొంగిలించాడో, పెళ్లి పందిట్లో ఎలా జారిపడ్డాడో. ఏడుపులో నవ్వు వచ్చేది. అది తప్పనేవాళ్లు కాదు. అలా చెప్పుకున్నాకే పోయినవాడు సుఖంగా వెళ్తాడనేవాళ్లు. కల్యాణ్‌కి అలా ఎవరూ చెప్పలేదు. ఈ అపార్టుమెంటుకి అందరూ వచ్చారు, చేతులు కట్టుకుని నిలబడ్డారు, లిఫ్టులో దిగిపోయారు. ఆ తర్వాత వాడి మాట వస్తే చాలు, వచ్చినవాళ్లు వాన సంగతి ఎత్తుతున్నారు.

నా ఆటకి ఒక రూలు పెడతాను. ఆ ఇంగ్లీషు పుస్తకంలో ఉందో లేదో నాకనవసరం.

11 ఆగస్టు

ముగ్గురికీ నేనే ఫోన్ చేశాను. చాట అటక మీద పెట్టేశానని మాత్రం చెప్పాను. రిలీజ్ అయిపోయింది ఆంటీ, 21న వస్తా అన్నాడు హుజైఫా.

21 ఆగస్టు, ఆదివారం, సాయంత్రం

రాసేస్తాను. వేడి ఆరకముందే రాసేస్తాను.

పదింటికల్లా ముగ్గురూ వచ్చేశారు. మా ఆయన కుర్చీ హాలు చివరికి లాక్కుని పేపరు పట్టుకున్నారు. లోపలి గదిలోకి పోలేదు, అది చూశాను. హుజైఫా డైస్ నా చేతిలో పెట్టి, వేళ్లు మూసి అన్నాడు. "ఈసారి దాచొద్దు ఆంటీ. పక్కా ఆడుదాం."

గుమ్మడమ్మతో పెద్ద యుద్ధం అనుకున్నాను. మూడు రోజులు ఆలోచించాను ఆ యుద్ధం. సుధ నీలవేణి ఏం చేసిందీ, ఎదురెళ్లి రాక్షసికి బొట్టు పెట్టింది. మా ఊరి పేరంటానికి రా వదినా, నీ చెట్టు అమ్మవారు అడిగింది అంది. డైస్ వెయ్యమన్నాను. పద్దెనిమిది పడింది. గుమ్మడమ్మని పుట్టాక ఎవరూ పేరంటానికి పిలవలేదు కదా. ఏడ్చింది పాపం. చెట్టు ఇచ్చింది. నా యుద్ధం పోతే పోయింది, అంత బాగా నేను జన్మలో అనుకునేదాన్ని కాదు.

అక్కణ్ణుంచి నేనూ అనుకున్నది వదిలేశాను. వాళ్లు ఏమంటే దానికి తగ్గట్టు వచ్చింది కథ. మానుని బండికెత్తారు. కొండ దిగుతుంటే వాన. తాళ్లు తెగాయి. కింద బండి తోలడానికి వచ్చిన ఊరిజనం, మీద జారుతున్న మాను. ఏం చేస్తారని అడిగాను.

షంషేర్ మానుకి అడ్డం నిలబడతాడు అన్నాడు హుజైఫా.

ఆలోచించుకో నాయనా అన్నాను. నిలబడతాడు అన్నాడు.

డైస్ వాడే వేశాడు, గచ్చు మీద, అందరి ముందూ. దొర్లింది. ముగ్గు నది దాటి వెళ్లి నా మోకాలి దగ్గర ఆగింది. ఒకటి.

మా ఆయన పేపరు చప్పుడు ఆగిపోయింది. పిల్లలు డైస్‌ని చూడటం లేదు, నన్ను చూస్తున్నారు. నా చెయ్యి దాని దాకా వెళ్లింది కూడా. మోకాలితో కాస్త తోస్తే చాలు, ఇంకో ముఖం పడుతుంది.

చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

"షంషేర్ పోయాడు," అన్నాను. "మాను ఆగింది. కిందవాళ్లందరూ బతికారు."

ఆ మాట నా నోటితో అనగలనని నేననుకోలేదు.

అప్పుడు రూలు చెప్పాను. దీపాలకోటలో ఎవరైనా పోతే, తలా ఒక సంగతి చెప్పుకున్నాకే బండి కదలాలి. మంచివాడు, గొప్పవాడు అంటే ఒప్పుకోను. జరిగిన సంగతి చెప్పాలి.

రిచర్డ్ ముందు తడబడ్డాడు. తర్వాత, షంషేర్ దారిలో ఎక్కడా టీ డబ్బులు ఇవ్వలేదు, అన్నీ ఫ్రెడ్డీయే ఇచ్చాడు అన్నాడు. సుధ, వాని గురకకి ఎలుగుబంటి లేచి మా మీదికొచ్చింది అంది. హుజైఫా కూడా చెప్పాడు, చచ్చినవాడే చెప్పాడు, షంషేర్‌కి ఈత రాదు, నదిలో నీలవేణి జడ పట్టుకుని దాటాడు, ఎవరికీ చెప్పొద్దని బతిమాలాడు అని. నవ్వులే నవ్వులు.

ఆ నవ్వు తగ్గుతుండగా హాలు చివర్నుంచి మా ఆయన గొంతు వినబడింది. "మా కల్యాణ్‌కి ఏడో ఏటి దాకా చెప్పులు ఏ కాలివి ఆ కాలికి ఎయ్యడం రాలేదు. తిరగేసీవోడు. బడికి అలాగే ఎల్లిపోయీవోడు."

ఎవరూ వాన సంగతి ఎత్తలేదు.

ఆఫీసులో కూడా అంతే అంకుల్ అన్నాడు రిచర్డ్, ఐడీ కార్డు ఎప్పుడూ తిరగేసే వేసుకునేవాడు. హుజైఫా ఇంట్లో రంజాన్‌కి పిలిస్తే ఉపవాసమున్నవాళ్లకంటే ముందు తినేశాడట. సుధని మొదటిరోజు మేడమ్ అన్నాడట, సుధ వాడికంటే జూనియర్. వాడు పోపు డబ్బాలో పటాసులు దాచిన సంగతి నేను చెప్పాను. అందరికీ కళ్లు కారుతున్నాయి, అందరూ నవ్వుతున్నారు. మా ఆయన కుర్చీ ముగ్గు దగ్గరికి జరుపుకున్నారు.

తర్వాత బండి కదిలింది. మాను దీపాలకోట చేరింది. పూజారిని పైకెత్తాల్సిన సమయానికి, మా ఆయన్ని డైస్ వెయ్యమన్నాను. ఆయన రెండు చేతుల్లో ఊపి ఊపి, రైలు టైముకి వస్తుందో రాదో అన్నట్టు చూసి వేశారు. ఇరవై. మాను ఆకాశంలోకి లేచింది. ముగ్గురూ లేచి అరిచారు. కింది ఫ్లాటు మేబెల్ ఆంటీ పైకి వచ్చి, క్రికెట్లో ఎవరు గెలిచారని అడిగింది.

మేమే అన్నాను.

22 ఆగస్టు

పొద్దున్న ముగ్గు తుడవబోయాను. మా ఆయన ఆపారు. ఆఫీసుకి వెళ్తూ, గుమ్మడమ్మకి మొగుడున్నాడా అని అడిగారు. ఎందుకని అడిగితే, ఆ ఏషం నాను ఎయ్యొచ్చా అన్నారు.

28 ఆగస్టు, ఆదివారం, ఉదయం

గుమ్మడమ్మ పెరట్లో చెట్టు కొట్టినచోట గొయ్యి పడింది. అందులో కిందికి మెట్లున్నాయి. ఎక్కడికో నాకూ తెలియదు. బెల్లు మోగుతోంది.