కాలికి ఇంగ్లీషు రాదు

ఫ్రిస్కో,
బుధవారం.

అక్కయ్యకు తమ్ముడు సత్యం నమస్కారాలు.

నిజం చెప్పొద్దూ, ఈ ఉత్తరం ఎగ్గొడదామనే అనుకున్నాను. ఫోన్లో చెబుదామంటే నీకు వినపడదు. నేను అరిస్తే ఇక్కడ పక్కింటివాళ్ళు తలుపు తీసి చూస్తారు. మొన్న నువ్వు ఫోన్లో, "డ్రైవింగ్ బడి మూసేశావట, పోయిందేదో పోయింది, నేర్చుకున్నదేమిట్రా?" అని అడిగావు. నేను "ఆఁ, అందరం బాగున్నాం" అన్నాను. నీకు సరిగ్గా వినపడలేదులే అని నిశ్చింతగా ఉన్నాను. అన్నీ వినపడ్డాయని బావగారు తర్వాత చెప్పారు.

నీ మోకాళ్ళు ఎలా ఉన్నాయి? బావగారి దగ్గు తగ్గిందా? మన నాన్న "ఇచ్చట అందరమూ క్షేమము" అని ముందు రాసేసి, ఆ తర్వాత ఇంట్లో ఎవరికి జ్వరమో కనుక్కునేవాడు. నేను కనుక్కునే రాస్తున్నాను. మీ మరదలికి జలుబు. అమ్మాయీ అల్లుడూ ఆఫీసులకు వెళ్తున్నారు, వస్తున్నారు. ఎండ మన ఎండే గానీ ఉక్క తక్కువ. గాలి మాత్రం పిచ్చిది. నిన్న మా చెత్తడబ్బా తనంతట తనే రోడ్డు దాటి ఎదురింటి వాకిట్లో నిలబడింది. గోంగూర దొరుకుతోంది, పులుపు లేదు. ఇంతకుమించి బెంగపడవలసిందేమీ లేదు, నువ్వు బెంగపడకు.

ఇక బడి సంగతి. ఈ ఊళ్ళో కారు లేకపోతే కొత్తిమీర కట్ట కూడా ఇంటికి రాదు. మన ఆడపిల్లలు పెళ్ళయి దిగుతారు, పెద్ద చదువులు చదివినవాళ్ళు, కిటికీ దగ్గర కూర్చుని మొగుడు ఎప్పుడొస్తాడా అని రోడ్డు చూస్తుంటారు. ఇక్కడి డ్రైవింగ్ బళ్ళలో చేరితే, నేర్పేవాడు గబగబా ఇంగ్లీషులో ఏదో అంటాడు, వీళ్ళు బెదిరిపోతారు. అల్లుడి స్నేహితుడు భాస్కర్‌ది వరంగల్. అతనే నా దగ్గరికొచ్చి, "అన్నా, నువ్వు ఊళ్ళె ముప్పై ఏండ్లు బస్సు నడిపినోడివి. తెలుగుల నేర్పుదాం. లైన్ కడ్తరు" అన్నాడు. కారు అతనిది, నేర్చుకునేవాళ్ళకొకటీ నేర్పేవాడికొకటీ రెండు బ్రేకులున్నది. లైసెన్సులూ అనుమతులూ అన్నీ సక్రమంగా తెచ్చుకున్నాం. నిజంగానే లైను కట్టారు.

నేర్పడమంటే నాకు తెలిసిన పద్ధతే నేర్పాను. బస్సులో డ్రైవరుకూ కండక్టరుకూ మధ్య ఉన్నవి రెండే మాటలు. "హోల్డాన్" అంటే ఆపు, "రైట్" అంటే పోనీ. మా కండక్టరు వీర్రాజు నీకు గుర్తున్నాడా, మీ పెద్దాడి బారసాలలో పులిహోర మూడుసార్లు వడ్డించుకున్నవాడు? వాడు తన పెళ్ళిలో మూడో ముడి వేసి, పక్కన పురోహితుడు మంత్రం చదువుతుండగానే "రైట్" అన్నాడు. పెళ్ళికూతురి తరఫువాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు. అంతగా ఒంట్లోకి ఇంకిపోయే మాటలవి. మా ఆడపిల్లలకూ అలాగే ఇంకిపోయాయి. "హోల్డాన్!" అంటే చాలు, బండి గోడకు మేకు కొట్టినట్టు ఆగేది. "రైట్ రైట్" అంటే కదిలేది. నెల తిరిగేసరికి వాళ్ళు పెద్ద రోడ్ల మీద వెన్నలా నడిపేవారు. నా గుండె ఎంత పొంగిందో!

పరీక్షకు వెళ్ళారు. వరసగా తప్పారు.

నీకు పద్మజ సంగతి చెప్పాలి, అసలు ఈ ఉత్తరం ఆ అమ్మాయి కోసమే అనుకో. విజయనగరం పిల్ల, ఎం.టెక్. ఒకటో తరగతి చదివే కొడుకు. మొగుణ్ణి షికాగో పక్కన నేపర్‌విల్‌లో ఉన్న ఆఫీసుకి పంపారు, రెండు వారాలకోసారి వస్తాడు. బడి బస్సు వీళ్ళ వీధికి రాదు, నడుద్దామంటే మధ్యలో వెడల్పాటి రోడ్డు. ఇన్నాళ్ళూ పక్కింటావిడ పిల్లాణ్ణి తన కార్లో తెచ్చేది. ఆవిడ ఈ నెలాఖరుకి ఊరు మారిపోతోంది. మొగుడు చెడ్డవాడు కాదు గానీ అతనికీ ఏం తోచక, "లైసెన్స్ రాకపోతే పిల్లాణ్ణి తీసుకుని మీ అమ్మ దగ్గరికి వెళ్ళిపో, నాకు మళ్ళీ ట్రాన్స్‌ఫర్ అయ్యాక రావొచ్చు" అన్నాడట. ఆ అమ్మాయికి వెళ్ళడం ఇష్టం లేదు. ఒకసారి వెళితే మళ్ళీ వీసా ఏమవుతుందోనని భయం.

మొదటిసారి పరీక్షలో, పక్కన కూర్చున్న అధికారి పెన్ను కింద పడేసుకుని తనలో తనే "హోల్డ్ ఆన్" అనుకున్నాడట. ఈ పిల్ల నడిరోడ్డు మీద బ్రేకు తొక్కేసింది. ఆయన తల అద్దానికి తగలబోయింది.

"అమ్మా, ఆ మాటకి ఇక్కడ ఒక్క నిమిషం అని అర్థం కదా. నీకు తెలియదా?" అన్నాను.

"తెలుసంకుల్! నాకు ఇంగ్లీషు బాగా వచ్చు. నా కాలికి రాదు" అని ఏడుపు మొహం పెట్టింది.

రెండోసారి కూడలి దగ్గర ఆయన "రైట్" అన్నాడు. ఈ పిల్ల తిన్నగా పోనిచ్చింది. అంతే, ఇంటికి.

మిగిలినవాళ్ళవీ ఇలాంటివే. "ఆ అంకుల్ చాలా మంచోరు, కానీ ఆయన దగ్గర చేరితే పాస్ అవ్వరు" అని ఆడవాళ్ళు తమ వాట్సాప్ గుంపులో రాసుకున్నారట. కొత్తవాళ్ళు రావడం మానేశారు. భాస్కర్ కొన్నాళ్ళు చూసి రెండు బ్రేకుల కారు అమ్మేశాడు. అమ్మేరోజు, "అన్నా, నువ్వు బండి నేర్పినవో, బస్సు స్టాండు పెట్టినవో నాకైతే సమజ్ కాలె" అన్నాడు. కోపంగా కాదులే, నవ్వుతూనే. వెళ్ళేటప్పుడు మీ మరదలి చేత సకినాలు తినిపించుకునే వెళ్ళాడు. ఆవిడ సకినాలు చుట్టడం ఇక్కడికొచ్చాకే నేర్చుకుంది. గోదావరి మనిషికి ఆ చుట్టు తిరగడం ఎంత కష్టమో, అదో పెద్ద కథ. ఇప్పుడొద్దు.

ఇప్పుడు నీ ప్రశ్న. ఏం నేర్చుకున్నాను? అందరినీ అడిగాను. అమ్మాయి, "ముందు పరీక్షలో ఏం అడుగుతారో చూసి, దానికి తగ్గట్టు నేర్పాలి నాన్నా" అంది. అల్లుడు ఫీడ్‌బ్యాక్ తీసుకోవాలన్నాడు. తీసుకున్నాను కదా, పద్మజ ఏడ్చింది కదా! మీ మరదలు, "నోరు తగ్గించుకోవాలి" అంది. అది వ్యాపారం గురించి అనుకోను, పెళ్ళైన దగ్గర్నుంచీ అంటున్నదే.

నాకు అర్థం కానిది ఒక్కటే అక్కయ్యా. వాళ్ళు నా దగ్గరికి వచ్చిందే నేను తెలుగులో నేర్పుతానని. ఇంగ్లీషులో నేర్పివుంటే ఒక్కరూ వచ్చేవారు కాదు. తెలుగులో నేర్పితే ఒక్కరూ గట్టెక్కలేదు. మరి తప్పు ఎక్కడున్నట్టు? దేనివల్ల దుకాణం తెరిచామో దానివల్లే మూతపడితే, అందులోంచి నేర్చుకునేది ఏమిటి? తెరవకూడదనా? తెరవకపోతే పద్మజ ఇంకా కిటికీ దగ్గరే ఉండేది. తెరిచినా అక్కడే ఉంది. నేను చదివింది ఏడో తరగతి, మిగతాది బస్సు స్టాండులో పాత పుస్తకాల కొట్టు ముందు నిలబడి చదివాను. అందులో ఎక్కడా దీనికి జవాబు తగల్లేదు.

బడి మూసినా ఆ పిల్లను వదల్లేదు. ఇప్పుడు వాళ్ళ కార్లోనే తీసుకెళ్తున్నాను. పోయినవారం, సరే ఇంగ్లీషులోనే చెబుదామని, "టర్న్ లెఫ్ట్ ప్లీజ్" అన్నాను. పకపకా నవ్వింది.

"అంకుల్, వద్దంకుల్! మీరలా అంటే నవ్వాగట్లేదు, బండి వంకరపోతోంది."

పోనీ అసలు మాట్లాడకుండా కూర్చుందామనుకున్నాను. నాకది ఎంత కష్టమో నీకు తెలుసు. ఒక వీధి దాటామో లేదో పక్కకు తీసి ఆపేసింది.

"ఏమ్మా?"

"కోపమొచ్చిందా అంకుల్? నేనేం తప్పు చేశాను?"

నోరు తెరిస్తే ఒక తంటా, మూస్తే ఒక తంటా. చివరికి కొంత తెలుగు, కొంత ఇంగ్లీషు, కొంత మౌనం కలిపి ఏదో లాక్కొస్తున్నాను. ఇది నేర్పడమో చెడగొట్టడమో నాకే తెలియడం లేదు. రేపు గురువారం మూడోసారి పరీక్ష. ఇదీ తప్పితే మళ్ళీ దరఖాస్తు దగ్గర్నుంచి మొదలు, ఆ లోపల పక్కింటావిడ వెళ్ళిపోతుంది.

అక్కయ్యా, నువ్వు ఏ దేవుడికి దణ్ణం పెట్టుకున్నా ఆ పిల్ల పేరు కూడా ఒకసారి అనుకో. ఎవరైనా ఇటు వచ్చేవాళ్ళుంటే కాసిని మామిడి ఒరుగులు పంపు, పప్పులోకి పులుపు లేక నోరు చచ్చిపోయింది. బావగారికి నా నమస్కారాలు చెప్పు. దగ్గుకి మిరియాల కషాయం మానవద్దను. వీధిలో పెద్దవాళ్ళందరినీ పేరుపేరునా అడిగానని చెప్పు, పేర్లు నువ్వే వేసుకో. నా మీద నీ దీవెన ఉంటే చాలు. ఆ ప్రశ్న మాత్రం మళ్ళీ అడగకు.

నీ తమ్ముడు,
సత్యం

శుక్రవారం.

స్టాంపులు అయిపోయి పై ఉత్తరం పోస్టు చేయలేదు, అందుకని కింద ఇది కూడా రాస్తున్నాను.

నిన్న మధ్యాహ్నం పద్మజా నేనూ వాళ్ళ కార్లో లైసెన్సు ఆఫీసుకి వెళ్ళాం. దారిలో నేనేం మాట్లాడానో, అసలు మాట్లాడానో లేదో నాకు గుర్తు లేదు. ఈసారి ఒక ఆడమనిషి పక్కన ఎక్కింది. నేను బయట బెంచీ మీద కూర్చున్నాను. పక్కన ఒక మెక్సికో ముసలాయన కూర్చున్నాడు, ఆయన మనవరాలిదీ పరీక్షేనట. ఆయన భాష నాకు రాదు, నా భాష ఆయనకు రాదు, ఇద్దరం తలలూపుకుంటూ రోడ్డు చూశాం. కారు తిరిగొచ్చింది. గీతల మధ్య సరిగ్గా ఆగింది. ఆవిడ దిగి నవ్వుకుంటూ ఏదో చెప్పింది, ఇద్దరూ లోపలికి వెళ్ళారు. కాసేపటికి పద్మజ చేతిలో కాగితంతో పరుగున బయటికొచ్చింది.

"అంకుల్, పాస్! పాస్ అంకుల్!"

"ఎలా జరిగిందమ్మా? ఆవిడ ఏమంది, నువ్వేం చేశావు?"

"ఏమో అంకుల్, నాకేం గుర్తు లేదు."

అంతలో ఫోన్లో టైము చూసి, "అమ్మో, స్కూల్ వదిలేస్తారు" అని కారెక్కి వెళ్ళిపోయింది. మలుపు దగ్గర సిగ్నల్ వేసింది, రెండు వైపులా చూసింది, తిరిగింది.

నన్ను ఎక్కించుకోవడం మర్చిపోయింది. సాయంత్రం ఆఫీసు అయ్యాక మా అమ్మాయి వచ్చి ఇంటికి తీసుకెళ్ళింది.