పన్నెండిళ్ళు, ఒక్క ముద్దా ముట్టకుండా

నవంబర్ 4, సోమవారం

ఉదయం 7.10. ఈ నెలలో పన్నెండు మంది వైన్ తయారీదారుల ఇళ్ళకు వెళ్ళాలి. ఏ ఇంట్లోనూ ఒక్క ముద్ద కూడా ముట్టను. వైన్ రుచి చూస్తాను, ఉమ్మేస్తాను, మార్కులు వేస్తాను, లేచి వచ్చేస్తాను. అంతే!

కారణం: నోవారా ఊళ్ళో ఉండే ఒక రిటైర్డ్ లెక్కల మాస్టారు మా పత్రికకు ఉత్తరం రాశారు. నాలుగేళ్ళ నా వైన్ వ్యాసాలు ముందేసుకున్నారు. ఎవరింట్లో ఏం తిన్నానో నేనే వర్ణించి రాశాను కదా, ఆ ఇళ్ళకు వేసిన మార్కులు విడిగా తీశారు. భోజనం పెట్టిన ఇళ్ళకు సగటు వందకు 93. పెట్టని ఇళ్ళకు 88.

ఎడిటర్ ఒర్నెల్లా నిన్న ఫోన్ చేసింది. "మూడుసార్లు లెక్క చూశాను సెవెరీనో, ఎక్కడా తప్పు లేదు. ఉత్తరం జనవరి సంచికలో వేస్తున్నా. నీ దగ్గర జవాబు ఉంటే పక్కనే వేస్తా. లేకపోతే ఆ పేజీ ఇంకొకరికి."

అది ఇరవై రెండేళ్ళుగా నా పేజీ.

కారులో: బ్రెడ్డు పుల్లలు నాలుగు ప్యాకెట్లు. ఆపిళ్ళు ఆరు. ఉడకబెట్టిన గుడ్లు రెండు (రోజూ పొద్దున్నే గదిలో ఉడికించుకోవాలి).

మధ్యాహ్నం 12.40. లా మొర్రా ఊళ్ళో మొదటి ఇల్లు. భోజనం సిద్ధం, కూర్చోండన్నారు. వద్దన్నాను. కారులో ఆపిల్ తిన్నాను. 89 మార్కులు. నిజాయితీ ఇంత తేలికని ఇన్నాళ్ళూ తెలియలేదు!

నవంబర్ 5, మంగళవారం

మోన్‌ఫోర్తే ఊళ్ళో రెండో ఇల్లు. యజమాని తల్లి చెస్కాకు ఎనభై రెండేళ్ళు. గరిటె పట్టుకుని గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"ఏం నాయనా, పోయినేడు మూడుసార్లు అడిగి మరీ వడ్డించుకున్నావు. ఈ ఏడు నా చేతివంట చేదైందా?"

"కడుపులో పుండమ్మా" అన్నాను.

అబద్ధం. వైన్‌కు రాకముందు పదకొండేళ్ళు తురీన్ కోర్టు వార్తలు రాశాను. సాక్షులు జారిపోవడం ఇలాంటి చిన్న మాటతోనే మొదలవుతుందని నాకు తెలుసు.

88 మార్కులు.

నవంబర్ 7, గురువారం

ఉదయం 11.30. నా పుండు వార్త నాకంటే ముందే మూడు కొండలు దాటింది. మూడో ఇంట్లో నా కోసమని పొద్దుటి నుంచి కోడి పులుసు కాస్తున్నారు.

"ఇది భోజనమని ఎవరన్నారండీ? మందు!" అంది ఇల్లాలు.

మందు కాదనడం మర్యాద కాదు. రెండు గిన్నెలు తాగాను. అందులో మాంసం కూరిన చిన్న పిండి మూటలు ఇరవై మూడు తేలుతున్నాయి. ద్రవంలో ఉన్నాయి కాబట్టి ద్రవమే.

నిబంధనకు సవరణ: ద్రవం తిండి కిందికి రాదు.

92 మార్కులు. వైన్ నిజంగానే బాగుంది.

నవంబర్ 8, శుక్రవారం

నాలుగో ఇల్లు. జున్ను నాలుగు రకాలు. ఒక వైన్‌కూ ఇంకో వైన్‌కూ మధ్య నాలుక శుభ్రం చేసుకోవడం వృత్తిధర్మం. చాలా శుభ్రం చేసుకున్నాను.

93.

నవంబర్ 11, సోమవారం

మధ్యాహ్నం 1.15. ఐదో ఇల్లు. యజమానికి ముందే ఖచ్చితంగా చెప్పాను: నా గుడ్డు నేను తెచ్చుకున్నాను, అదే తింటాను.

"తినండి. మీ వ్రతం నేనెందుకు చెడగొడతాను?" అంటూ నా గుడ్డును రెండుగా కోసి, కాస్త వెన్న పూసి వెచ్చబెట్టాడు. జేబులోంచి రుమాలు తీశాడు. రుమాల్లో తెల్ల ట్రఫుల్ గడ్డ, నేల కింద దొరికే ఖరీదైన పుట్టగొడుగు! గుడ్డు మీద పల్చగా తరిగాడు. కత్తి పదకొండుసార్లు ఆడింది. నేను విలేకరిని, లెక్కపెట్టాను. ఆపమని మాత్రం అనలేదు.

గుడ్డు నాదే. ఈ మాట ఏ కోర్టులోనైనా చెబుతాను.

95.

నవంబర్ 12, మంగళవారం

ఆరో ఇల్లు. కుందేలు కూర. సాకు ఏమీ దొరకలేదు. 94.

సాయంత్రం కూర్చుని లెక్క వేశాను. తిన్న ఇళ్ళ సగటు 93.5. తినని ఇళ్ళ సగటు 88.5. మాస్టారు రెండు వైపులా అర మార్కు తప్పారు.

నవంబర్ 13, బుధవారం

సెర్రలుంగా. ఏడో ఇల్లు, డెల్ఫీనాది. రెండేళ్ళ కిందట ఈమె వైన్‌కు 86 వేశాను.

వంటగది తలుపు మూసి ఉంది. వాసనే లేదు. బల్ల మీద గ్లాసు, ఉమ్మడానికి బకెట్.

"పుండు ఎలా ఉంది విమర్శకులవారూ? మొన్న గుడ్డు మీద ట్రఫుల్ వేసుకుంటే తగ్గిందటగా!"

నేను పెన్ను మూత తీశాను. ఆమె ఆగలేదు.

"అప్పుడు నువ్వొచ్చిన రోజు మా ఆయన అగొస్తీనో ఆస్పత్రిలో ఉన్నాడు. నీకు తలుపు తీయడానికి అక్కణ్ణించి పరుగెత్తుకొచ్చాను. పొయ్యి వెలిగించే తీరిక లేదు. ఎనభై ఆరు వేసి పోయావు. ఏటా రెండు వేల సీసాలు తీసుకునే స్విస్ ఆయన మానేశాడు. ఈ ఏడూ అంతే అయితే పై ద్రాక్షతోట ఎవరికో అమ్మెయ్యాల్సిందే."

పాత నోట్‌బుక్ కారులోనే ఉంది. తెచ్చి తెరిచాను. ఆ రోజు ఆ వైన్ గురించి నా చేతిరాత: "ముడుచుకుపోయింది. చల్లగా ఉంది. అతిథికి ఏమీ ఇవ్వదు."

భుజం మీదుగా ఆమె కూడా చదివింది.

"ఇది వైన్ గురించా, నా గురించా?"

నోట్‌బుక్ మూసి అడిగాను. "ఆనాటి సీసా ఏదైనా మిగిలిందా?"

"మిగలకేం? నువ్వేగా మిగిల్చిపెట్టావు."

నోట్లో తిప్పి ఉమ్మాను. పావుగంట ఆగి మళ్ళీ చూశాను. వగరు గట్టిగా ఉంది, కానీ నాలుకను కోయడం లేదు. ఉమ్మేశాక నోట్లో రుచి నిలిచిన సమయం గడియారం చూసి రాశాను: 48 సెకన్లు. 94 మార్కులు. కొత్త ఏడాదిదీ అలాగే చూశాను, 95. పొద్దుటి నుంచి నా కడుపులో ఆపిల్ కూడా లేదు.

"కాగితం మీద రాయి" అంది. "సంతకం పెట్టు. తేదీ వెయ్యి, టైము కూడా."

12.05 అని వేశాను. మడిచి ఏప్రన్ జేబులో పెట్టుకుని, కిటికీలోంచి కేకేసింది. "అగొస్తీనో! ఇక పట్టుకురండి!"

పక్కింట్లోంచి అగొస్తీనో చేతికర్రతో వచ్చాడు. వెనకే పక్కింటామె పెద్ద గిన్నెతో. వాసన నా ముక్కుకు తగలకూడదని వంటంతా అక్కడ చేయించింది!

1.50. రెండో కంచం అయింది. కాగితం ఒకసారి ఇవ్వమన్నాను. కొత్తదానికి 95 తక్కువైంది, 97 ఉండాలి.

"ఇవ్వను" అంది డెల్ఫీనా. "ఆకలితో ఉన్నప్పుడు విమర్శకుడివి. ఇప్పుడు చుట్టానివి."

నవంబర్ 15, శుక్రవారం

ఒర్నెల్లాకు జవాబు పంపాను. మాస్టారి లెక్క నిజం. ఆ 86 తప్పు, 94 ఉండాల్సింది. ఎందుకు తప్పిందో నా నోట్‌బుక్ పేజీ ఫోటో చూస్తే తెలుస్తుంది, అచ్చు వేయండి. ఈ నెల తిని వేసిన నాలుగు మార్కులూ రద్దు. ఆ ఇళ్ళకు మళ్ళీ వెళతాను.

ఆమె: "ఏప్రిల్ దాకా పేజీ నీదే. ప్రతి ఇంటి నుంచీ మార్కులు భోజనానికి ముందే నా ఫోనుకు రావాలి."

నవంబర్ 18, సోమవారం

ఉదయం 11.50. పులుసు ఇంటికి మళ్ళీ వచ్చాను. వైన్ చూశాను. 89. ఒర్నెల్లాకు పంపాను. కారు తాళం చేతిలోనే ఉంది.

11.58. ఇల్లాలు గిన్నె మూత తీసింది.

1.30. ఒర్నెల్లాకు సందేశం: "చిన్న సవరణ. 91."

1.31. జవాబు: "నువ్విలా పంపుతావని డెల్ఫీనా ఫోన్ చేసి ముందే చెప్పింది. 89."

నవంబర్ 19, మంగళవారం

ఉదయం 7.10. ఇంకా ఎనిమిది ఇళ్ళు: కొత్తవి ఐదు, మళ్ళీ వెళ్ళాల్సినవి మూడు. ఏ ఇంట్లోనూ ఒక్క ముద్ద కూడా ముట్టను. ద్రవమూ తిండే. జున్నూ తిండే.

కారులో: ఆపిళ్ళు ఆరు. గుడ్లు లేవు.