స్విచ్‌కు పెట్టిన బొట్టు

దసరా రాత్రి, మాదన్నపేట

కారు స్టార్ట్ చేయడానికి ఎర్రగా వెలిగే బటన్ నేనే బిగించాను. తాళంతో పనిలేకుండా, సోకు కోసం, వైరు నేరుగా బ్యాటరీకి కలిపాను. హ్యాండ్‌బ్రేక్ పట్టదని బాపు కారును ఎప్పుడూ గేర్‌లోనే ఉంచుతాడని తెలిసి కూడా.

సాయంత్రం పూజలో బాపు ముందు చక్రం కింద నిమ్మకాయ పెడుతున్నాడు. కారు లోపల అమ్మ ఆ బటన్‌కి బొట్టు పెడుతూ వేలితో గట్టిగా ఒత్తింది. గేర్‌లో ఉన్న కారు ముందుకు దూకింది. బాపు వెనక్కి పడ్డాడు. బంపర్ ఆయన మోకాళ్లను తాకి ఆగింది.

“మీ అమ్మ చెయ్యి పడంగనే బండికి పానమొచ్చింది బిడ్డా!” అని నవ్వాడు.

“నా చేతులిరగ!” అని అమ్మ ఒకటే ఏడుపు.

తప్పు నాదని ఇంకా చెప్పలేదు. వైరు మాత్రం పీకేశాను. పొద్దున అమ్మకు చెప్పాలి.

బాపు గురక ఆగినప్పుడల్లా లేచి వెళ్లి చూసి వస్తున్నాను.